క్యాసెట్ గేమా, పీఎస్4ఆ? కోనసీమ తేమలో రెండూ ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తున్నానండి: ఆటగా చూస్తే కొత్తదే మేలు. వస్తువుగా చూస్తే మాత్రం, అమలాపురం నుంచి అంతర్వేది దాకా వీచే ఈ ఉప్పుగాలికీ ఈ కరెంటుకీ తట్టుకునేది పాత క్యాసెట్ పెట్టే. ఇక్కడ పోలుస్తున్నవి ఒకే టీవీకి తగిలించిన రెండు: తొంభైల నాటి 8 బిట్ క్లోన్ పెట్టె (నింటెండో గేమ్ పెట్టెకు నకలు, 60 పిన్నుల క్యాసెట్ పట్టేది), సోనీవాళ్ల గేమ్ పెట్టె పీఎస్4 స్లిమ్.

పాత గేములు కష్టం, అందుకే గొప్పవి అన్న మాట సంక్రాంతికి ఊరొచ్చిన ప్రతి బావగారూ అంటారు. 1985లో వచ్చిన సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పటి ఫోనులో తీసిన ఒక ఫొటోలో అలాంటివి పదుల కొద్దీ పడతాయి. అంత చిన్నదాన్ని వేసవి సెలవులంతా లాగాలంటే ఒకటే దారి: మూడు లైఫులిచ్చి, అవి పోతే మళ్లీ మొదటికి పంపడం. కాంట్రా అనే తుపాకుల ఆటలో పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ, స్టార్ట్ నొక్కి 30 లైఫులతో ఆడి చూడండి. చెయ్యి తిరిగినవాడికి అరగంట ఆట. కష్టం తీసేస్తే మిగిలేది అంతే. ఆ అరగంటలో ఒక్క క్షణం కూడా వృథా ఉండదు, అది వేరే సంగతి.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. జపాన్ గేములు సెకనుకు 60 సార్లు మారే తెరకు రాసినవి. మనదేశంలో అప్పటి టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి, 50 సార్లు. పాల్ రకం క్లోన్‌లో ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, పాట శ్రుతి మారదు గానీ నడక తగ్గుతుంది. చిన్నప్పుడు మారియోని అవలీలగా ముగించినవాళ్లు ఇప్పుడు నింటెండో స్విచ్‌లో అదే ఆట ఆడితే గుంతల్లో పడుతున్నారంటే వయసు ఒక్కటే కారణం కాదు. వేళ్లకు అలవాటైన వేగం వేరు.

కరెంటు పోతే పాతదానిలో పోయేది ఆట మాత్రమే. సేవ్ ఉండదు కాబట్టి మారియోని దగ్గరి దారిలో నడపడం నేర్చుకోవాలి: 1-2 (ఒకటో ప్రపంచం, రెండో అంచె) చివర పైకప్పు మీదుగా నడిచి 4వ ప్రపంచానికి, 4-2లో దాగి ఉన్న తీగ ఎక్కి 8వ దానికి. లైఫులు అయిపోయాక టైటిల్ తెర మీద ఏ నొక్కిపట్టి స్టార్ట్ కొడితే పోయిన ప్రపంచం మొదటి నుంచే వస్తుంది. కానీ పవర్ తీస్తే ఇదీ పనిచేయదు.

పాత పెట్టెకు వచ్చే జబ్బులు మూడే. తెర మీద గజిబిజి చుక్కలు, బూడిదరంగు తెర అంటే క్యాసెట్ పిన్నులకు చిలుము పట్టింది. నోటితో ఊదకండి, ఉమ్మి తడే మళ్లీ చిలుము తెస్తుంది. పిన్నుల వరస మీద పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో, పిన్ను పొడవునా రుద్దండి. అడ్డంగా రుద్దితే రబ్బరు పొడి సందుల్లో ఇరుక్కుంటుంది. ఆ తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. వానాకాలంలో క్యాసెట్లను సిలికా జెల్ పొట్లాలతో మూతడబ్బాలో ఉంచితే ఈ పని సగం తగ్గుతుంది. తెరలో అడ్డపట్టీలు మెల్లగా పాకుతుంటే అడాప్టర్‌లోనో పెట్టెలోనో ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. దాని మీద రాసిన విలువే కొని టంకం పెట్టించాలి, ప్లస్ మైనస్ చూసుకుని. ఇక ఆడుతుండగా దానంతటదే రీసెట్ అవుతుంటే 7805 రెగ్యులేటర్ (వోల్టేజిని 5కి తగ్గించే భాగం) వేడెక్కుతోంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ పైన 9 వోల్టులని రాసున్నా, వోల్టేజి పెరిగిన రాత్రిళ్లు ఇంకా ఎక్కువే ఇస్తుంది. ఆ మిగులంతా రెగ్యులేటర్ వేడిగా కక్కాలి. కొత్తరకం 9 వోల్టుల అడాప్టర్ వేస్తే తీరిపోతుంది, పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నది ముందు చూడండి. తిరగేస్తే కాలుతుంది.

పీఎస్4కి మొదట కొనాల్సింది గేము కాదు, 600 వీఏ యూపీఎస్. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే, తిరిగి వెలిగించినప్పుడు నిల్వ తనిఖీ అంటూ కూర్చుంటుంది. ఆ తరవాత మందగిస్తే పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ని రెండో బీప్ వినపడేదాకా, దాదాపు 7 సెకన్లు, నొక్కిపట్టండి. కంట్రోలర్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి, తెర మీద వచ్చే జాబితాలో అయిదోది, డేటాబేస్ పునర్నిర్మాణం (రీబిల్డ్ డేటాబేస్), ఎంచుకోండి. ఆరు, ఏడు జోలికి పోవద్దు, అవి అన్నీ తుడిచేస్తాయి. పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో (నిద్రలో) వదిలి పడుకోవడం మన దగ్గర పనికిరాదు.

ఇంకో శత్రువు బొద్దింక. పవర్ సప్లై లోపలే ఉండటంతో పెట్టె ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, వాటికి అంతకంటే ఏం కావాలి? వంటింటి గోడ పక్క అరలో పెట్టకండి. స్ప్రే కన్నాల్లోకి కొట్టకండి, బల్ల కింద జెల్ మందు చుక్కలు చాలు. ఫ్యాను చప్పుడు పెరిగితే దుమ్ము తీయాలి. మధ్యలో రంధ్రం ఉన్న టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్ లేకుండా లోపలి స్క్రూలు రావు. కంట్రోలర్ మీది కర్రని (స్టిక్) ముట్టుకోకపోయినా బొమ్మ ఒక పక్కకు పోతుంటే, కర్ర కింది సెన్సారు అరిగింది. కాంటాక్ట్ క్లీనర్ కొన్నాళ్లు ఆపుతుంది, మార్చాలంటే పదికి పైగా టంకాలు ఊడదీయాలి. అది కొత్తగా నేర్చుకునేవాడి పని కాదు.

డిస్కు కొన్నాం కదా, ఆట మనదే అనుకోవడానికి లేదు. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసేశారు. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా దాంతోపాటే పోయింది. అందుకే నెట్ తీగ పీకేసినా నడుస్తుందో లేదో కనుక్కోకుండా ఏ గేమూ కొనకండి.

ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఆడేది మాత్రం పాతదే. పెట్టె వెలిగించిన మరుక్షణం ఇద్దరూ ఆడొచ్చు. కొత్తవాటిలో ఒకే తెర పంచుకునేవి తగ్గిపోయాయి, 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ లాంటివి ఉన్నాయి గానీ వెతుక్కోవాలి. సంతల్లో, ఆన్‌లైన్‌లో దొరికే పది వేల గేముల హెచ్‌డీఎంఐ స్టిక్కుతో పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. కానీ అందులోని మెమరీ కార్డు నాసిరకం. కొన్న రోజే కంప్యూటర్‌లో కాపీ తీసుకోండి.

ఎల్‌ఈడీ టీవీకి పాత పెట్టె తగిలిస్తే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాల్సిందే, లేకపోతే నొక్కిన కాసేపటికి గానీ మారియో ఎగరడు. డక్ హంట్ అనే బాతుల వేట ఆటలోని తుపాకీకి ఆ ఉపాయమూ లేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లచదరం మెరుస్తుంది. తుపాకీలోని కన్ను ఆ మెరుపుని ఆ క్షణంలోనే చూడాలి. ఎల్‌ఈడీ టీవీ బొమ్మని ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి ఎంత గురి ఉన్నా బాతు చావదు. పనిచేసే డబ్బా టీవీ అటక మీద ఉంటే పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. అలాగని పరుపులూ దుప్పట్లూ కప్పి ఉంచొద్దు, నెలకోసారి దించి ఓ గంట నడపండి.