రేడియేటర్ మూత మీది బొమ్మల కోసం అల్సాస్‌కి

పాత కార్ల ముందు రేడియేటర్ మూత మీద నిలబడే బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లు ఫ్రాన్స్ వెళ్తే పారిస్‌లో ఒక రోజు తగ్గించుకుని అయినా తూర్పున ఉన్న అల్సాస్ ప్రాంతానికి వెళ్లండి.

అక్కడి ములూజ్ నగరంలోని కార్ల మ్యూజియం ష్లంఫ్ అన్నదమ్ముల సేకరణ. ఉన్ని మిల్లుల డబ్బుతో వందల కార్లు కొని ఎవరికీ చూపించకుండా దాచుకుంటే, మిల్లులు మూతపడ్డాక 1977లో కార్మికులు లోపలికి వెళ్లి స్వాధీనం చేసుకున్నారు. 1982 నుంచి అందరూ చూడొచ్చు. నేను ఎక్కువసేపు ఉండిపోయింది బుగాటి రొయాల్ కారు దగ్గర. ప్రపంచంలో మిగిలినవి ఆరే, అందులో రెండు ఇక్కడే ఉన్నాయి. మూత మీద వెనక కాళ్లపై లేచి తొండం పైకెత్తిన వెండి ఏనుగు ఉంటుంది, కంపెనీ పెట్టిన ఎత్తోర్ బుగాటి తమ్ముడు రెంబ్రాంట్ చెక్కిన శిల్పం అది. ఆ తమ్ముడు 1916లో, 31 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. పదేళ్ల తర్వాత అన్న తన కార్లన్నింటిలోకీ పెద్దదాని ముందు తమ్ముడి ఏనుగునే పెట్టుకున్నాడు. ఈ సంగతి తెలుసుకుని వెళ్తే అక్కడి నుంచి కదలబుద్ధి కాదు.

హిస్పానో-సూయిజా కార్ల మీద ఎగిరే కొంగని కూడా వదలొద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ ఇంజిన్లున్న విమానాలు నడిపిన ఫ్రెంచ్ పైలట్ గినెమెర్ దళం గుర్తు అది, అల్సాస్ పక్షి కూడా కొంగే.

ఫ్రెంచ్ గాజు కళాకారుడు లాలిక్ పేరున్న మ్యూజియం వింగెన్-సుర్-మోదెర్ అనే చిన్న ఊళ్లో ఉంది, అల్సాస్‌లోని పెద్ద నగరం స్ట్రాస్‌బూర్ నుంచి లోకల్ రైలు. స్టేషన్ నుంచి కాస్త నడక, పెద్దవాళ్లు ఉంటే కారే నయం. రెనే లాలిక్ ఈ బొమ్మల్ని గాజుతో చేశాడు, 1925లో సిట్రోయెన్ కోసం చేసిన ఐదు గుర్రాలతో మొదలుపెట్టి. కొన్నిటికి కింద చిన్న బల్బు పెట్టేవాళ్లు, రాత్రి రోడ్డు మీద గాజు బొమ్మ వెలుగుతూ వెళ్లేదన్నమాట! దగ్గరి నుంచి చూస్తే గుర్రాల జూలు వెంట్రుకల గీతలు కూడా కనిపిస్తాయి, ములూజ్‌లో అంత దగ్గరికి వెళ్లలేం. కానీ ఈ బొమ్మ అందం కారు ముక్కు మీద ఉంటేనే. అందుకే ఒక్క రోజే ఉంటే నా ఓటు ములూజ్‌కే.

బస మాత్రం స్ట్రాస్‌బూర్‌లో పెట్టుకోండి, ములూజ్‌కి రైల్లో గంటలోపే. నేను ములూజ్ స్టేషన్ దగ్గర చవగ్గా దొరికిందని తీసుకున్న గదిలో ఏసీ లేదు, కిటికీ తెరిస్తే రాత్రంతా ట్రాఫిక్ మోత, రిసెప్షన్‌లో అడిగితే ఫ్యాన్ కూడా లేదన్నారు. శాకాహారులు ఫ్లామెకుష్ అడగండి, పల్చటి రొట్టె మీద క్రీము, ఉల్లిపాయ. పంది మాంసం వద్దని ముందే చెప్పాలి. ములూజ్ మ్యూజియం పక్కనే ట్రామ్ స్టాప్ ఉంది, టాక్సీ అక్కర్లేదు. చలికాలంలో లాలిక్ మ్యూజియం సోమవారాలు తెరవరు, తేదీలు చూసుకుని రైలు టికెట్ కొనుక్కోండి.