పుస్తకం చివరి పేజీల కోసం

అమెరికా నల్లజాతి రచయిత్రి బెవర్లీ జెంకిన్స్ రాసే చారిత్రక ప్రేమ నవలలు ఎనిమిదేళ్ళుగా చదువుతున్నాను. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి, కథ అయిపోయాక వచ్చే ఒకటి రెండు పేజీలు. ఏ చరిత్ర పుస్తకాలు చదివి ఆ నవల రాశారో ఆవిడ అక్కడ జాబితా ఇస్తారు. వారపత్రికల సీరియల్స్ చదివి పెరిగినదాన్ని, ప్రేమ నవల వెనక ఇలాంటిది ఉంటుందని నాకు తెలీదు. మొదట్లో అటు చూసేదాన్ని కూడా కాదు.

నేను ముందు చదివింది 1996లో వచ్చిన ‘ఇండిగో’. మేముండేది డెట్రాయిట్ పక్కన. కథ జరిగేది మాకు దగ్గర్లోని విటేకర్‌లో అని అట్ట వెనక చూసి లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. హెస్టర్ వయాట్ చిన్నప్పుడు నీలిమందు తోటలో బానిస. ఆ రంగు చేతులకు పట్టేసింది, ఇక పోలేదు. పెద్దయ్యాక మిషిగన్‌లో స్వేచ్ఛగా బతుకుతూ, దక్షిణాది నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను ఇంట్లో దాచి, కెనడా దారి పట్టిస్తుంటుంది. మా అమ్మమ్మది పెడన. అక్కడ అద్దకం పని చేసే తాతగారొకాయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి, గోళ్ళ చుట్టూ ఇంకా చిక్కగా. అన్నం కలుపుతుంటే ఆ వేళ్ళనే చూస్తూ కూర్చునేదాన్ని. హెస్టర్ చేతుల గురించి చదవగానే ఆయన గుర్తొచ్చారు. ఇక పుస్తకం కింద పెట్టలేదు.

కానీ ఒకచోట పెట్టేశాను. హెస్టర్ తండ్రి స్వతంత్రుడు. బానిసగా ఉన్న ఒకామెను ప్రేమించి, ఆమెతో కలిసి ఉండటానికి తనను తానే బానిసగా అమ్ముకుంటాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రేమ ఎంత గొప్పదో చూపించడానికి బానిసత్వాన్ని ఇంత తేలిక చేస్తారా అనిపించి, మిగతాది చదవకుండానే పుస్తకం తిరిగిచ్చేశాను.

ఏడాది దాకా దాని జోలికి పోలేదు. తర్వాత ఆవిడదే ఇంకో నవల చదువుతుంటే చివర జాబితా కనిపించింది. ఇంత చదివి రాసే మనిషి ఆ తండ్రిని ఊరికే కల్పించి ఉంటారా అన్న అనుమానం అప్పుడొచ్చింది. లైబ్రరీలో చరిత్ర పుస్తకాలుండే వరసలో కూర్చుని వెతికాను. వర్జీనియాలో 1806 నాటి చట్టం ఒకటుంది. విడుదలైన బానిస పన్నెండు నెలల్లోగా రాష్ట్రం వదిలి వెళ్ళిపోవాలి, వెళ్ళకపోతే పట్టుకుని మళ్ళీ అమ్మేయొచ్చు. అతని పెళ్ళాంబిడ్డలు మాత్రం ఇంకా ఎవరిదో ఆస్తి. స్వేచ్ఛ కావాలంటే వాళ్ళను వదిలి పోవాలి, వాళ్ళు కావాలంటే స్వేచ్ఛ వదులుకోవాలి. 1856లో అక్కడే ఇంకో చట్టం చేశారు, స్వతంత్రులు తమకు నచ్చిన యజమానిని ఎంచుకుని బానిసలు కావచ్చని. అలా అర్జీలు పెట్టుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారు, ఆ కాగితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నేను సినిమా త్యాగం అనుకున్నదాని వెనక ఉన్నది ఇలాంటి చట్టాలు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఆ వారమే ‘ఇండిగో’ మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆదివారం మా ఆయనను తీసుకుని డెట్రాయిట్ నది ఒడ్డున హార్ట్ ప్లాజాకు వెళ్ళాను. అక్కడ 2001లో పెట్టిన కంచు విగ్రహాలున్నాయి. పారిపోయి వచ్చిన కొందరు నది వైపు చూస్తుంటారు, ఒకాయన చెయ్యి చాపి అవతలి ఒడ్డు చూపిస్తుంటాడు. అవతల విండ్సర్, అంటే కెనడా. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే 1850 చట్టం వచ్చాక మిషిగన్ చేరినా పట్టుకుని వెనక్కి పంపేయొచ్చు, అందుకని ఆ కాస్త నీళ్ళు కూడా దాటాల్సిందే. ఆ నది మీదుగా ఎన్నోసార్లు వంతెన దాటి వెళ్ళాం, పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టామా అన్న టెన్షన్ తప్ప ఇంకేమీ గుర్తులేదు.

అన్నీ ఇంతే బాగుంటాయని చెప్పలేను. ఆరేడు చదివాక హీరోలంతా ఒకేలా కనిపిస్తారు: అందగాళ్ళు, డబ్బున్నవాళ్ళు, ఏ పనైనా చేతనైనవాళ్ళు. ‘ఇండిగో’లో గేలెన్ కూడా న్యూ ఆర్లీన్స్ సంపన్న కుటుంబం వాడే. కొన్నిచోట్ల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుండదు, పాఠం చెబుతున్నట్టుంటుంది. చివరి పేజీల్లో ఉండాల్సింది సంభాషణలోకి వచ్చేస్తుంది. 2016లో వచ్చిన ‘ఫర్బిడెన్’లో రైన్ ఒకప్పటి బానిస. నెవాడాలో తెల్లవాడిగా చలామణి అవుతూ, ఎడ్డీ అనే నల్లజాతి వంటావిడను ప్రేమిస్తాడు. నిజం ఒప్పుకుంటే ఏం పోతుందో అతనికి తెలుసు. ఆ పోయేదాన్ని ఇంకా చూపించి ఉంటే బాగుండేది, నాకైతే త్వరగా సర్దుకుపోయినట్టనిపించింది. శృంగార సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి, పదో తరగతి చదివే మా అమ్మాయికి ఇంకా ఇవ్వలేదు.

నేనుండే ఊరూ మా అమ్మమ్మ ఊరూ ఒకే పుస్తకంలో తగిలాయి, నాకింత నచ్చడానికి అదీ కారణం కావచ్చు. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లికి పంపిస్తే ‘బాగుంది’ అని ఊరుకుంది, అంతే. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ‘ఇండిగో’తోనే మొదలుపెట్టమంటాను. తండ్రి కథ దగ్గర కోపం వస్తే ఆపేయకండి.