కేర్‌టేకర్ ఉద్యోగం: ఏళ్ళ తరబడి చేశాక చెబుతున్నాను

హైదరాబాద్‌లో ఇళ్ళల్లో ముసలివాళ్ళని చూసుకునే కేర్‌టేకర్ పనికి రమ్మంటున్నారు, చేరమంటావా అన్నా అని మా ఊరి వైపు కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. జీతమెంత, భోజనం వాళ్ళే పెడతారా, డైపర్లు మనమే మార్చాలా అని అడుగుతారు. పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. నన్నడిగితే ఈ ఉద్యోగం మంచిదా చెడ్డదా అన్నది మొత్తం దాని మీదే ఉంది. డైపర్ సంగతంటారా, వారంలో అలవాటైపోతుంది.

నాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ తర్వాత జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు (రోగుల రోజువారీ పనుల్లో సాయం చేయడం నేర్పేది) చేసి, కొన్నాళ్ళు ఆసుపత్రి వార్డులో ఉండి, ఆ తర్వాత ఇళ్ళకి మారాను. అప్పటి నుంచి కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ చుట్టుపక్కలే తిరుగుతున్నాను. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఒకేలాంటివి: పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, ఇక్కడ మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లో అమ్మానాన్నలు ఇద్దరే. మగ అటెండెంట్లకి గిరాకీ బాగుంది. ఎత్తి కూర్చోబెట్టడానికి బలం కావాలని ఇంట్లోవాళ్ళు చెబుతారు గానీ, అసలు సంగతి పెద్దాయనకి ఆడపిల్ల చేత స్నానం చేయించుకోవడం ఇష్టం ఉండదు.

డబ్బు విషయం ముందే చెప్పేస్తా. మమ్మల్ని ఇళ్ళకి పంపేది ఏజెన్సీలు. నా చివరి ఏజెన్సీ ఇంటివాళ్ళ దగ్గర నెలకి 30,000 తీసుకుని నాకు 20,000 ఇచ్చేది. మిగిలిన పది వేలకి వాళ్ళు చేయాల్సిన పనులు రెండు. నాకు సెలవు కావాలంటే నా బదులు ఇంకో మనిషిని (రిలీవర్‌ని) పంపాలి, గొడవ వస్తే నేను చెప్పేది కూడా వినాలి. మొదటిది పండగలప్పుడు జరిగేది కాదు, రెండోది ఎప్పుడూ జరగలేదు. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే నెలకి 21,000 లోపు జీతగాళ్ళకి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, కట్టాలి. ఆ బాధ తప్పించుకోవడానికి మేం ఉద్యోగులం కాదు, సర్వీస్ పార్ట్‌నర్లం అని కాగితం మీద రాయించుకునేవాళ్ళున్నారు. సంతకం పెట్టే ముందు ఆ ముక్క వెతకండి. ఎలాగూ ఈఎస్ఐ లేదని తేలితే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి, 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకి ఊరికే ఇస్తారు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా కూడా కట్టుకోండి. ప్రమాదంలో మనకేమైనా అయితే ఇంటికి రెండు లక్షలు వస్తాయి.

ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే చెప్పేటప్పుడు పగలు పని, రాత్రి నిద్ర. పెద్దాయన మాత్రం రాత్రి పదకొండుకి ఒకసారి, రెండుకి ఒకసారి, నాలుగున్నరకి ఒకసారి బాత్‌రూమ్‌కి లేస్తారు. షుగర్ ఉంటే ఇంకోసారి. పూర్తిగా మంచం మీదున్న మనిషైతే రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని వదిలేస్తే నడుం కింద, మడమల దగ్గర పుండు పడుతుంది. ఆరింటికి మళ్ళీ కాఫీ, మందులు మామూలే. కొత్తలో ఈ డ్యూటీ బాగానే అనిపిస్తుంది, అద్దె ఉండదు, తిండి ఖర్చు ఉండదు, జీతం మొత్తం ఇంటికి పంపొచ్చు. ఇప్పుడు నేను పన్నెండు గంటలదే తీసుకుంటున్నాను. డబ్బు తక్కువ, హాస్టల్ బిల్లు నాదే, అయినా సరే.

ఇక అసలు పని. నిజాంపేటలో ఒక మాస్టారి దగ్గర ఉన్నాను. రిటైరైన లెక్కల టీచరు, పార్కిన్సన్స్ (ఒంటి కదలికలు మందగించే నరాల జబ్బు). హాల్లో బాగానే నడిచేవారు. బాత్‌రూమ్ గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతికించినట్టు ఆగిపోయేవి. ఒళ్ళు ముందుకి వాలుతుంది, కాళ్ళు కదలవు. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్ళు కంగారుపడి చెయ్యి పట్టి లాగుతారు, మనిషి పడిపోయేది దాంతోనే. లాగకూడదు. ఆగనిచ్చి, లెక్కపెట్టించాలి, లేదా దాటడానికి నేల మీద గీత చూపించాలి. గుమ్మానికి ముందు పసుపు టేపుతో మూడు గీతలు అతికించాను. వన్, టూ, త్రీ అంటే ఆయనకి చిరాకు, చిన్నపిల్లాణ్ణి నడిపించినట్టుందనేవారు. ఒకరోజు, "మాస్టారూ, నాకు పదమూడో ఎక్కం రాదండీ" అన్నాను. "పదమూడు ఒకట్ల పదమూడు" అంటూ ఎడమ కాలు లేచింది. "పదమూడు రెళ్ళు ఇరవై ఆరు", కుడి కాలు. ముప్ఫై తొమ్మిది దగ్గరకొచ్చేసరికి లోపలున్నాం. "ఇంటర్ ఎలా పాసయ్యావోయ్" అని తిట్టారు కూడా.

ఆ ఇంట్లోనే మాత్రల టైము పెద్ద పంచాయితీ. ఆ జబ్బుకి వేసే లెవోడోపా మాత్ర టిఫిన్‌కి అరగంట ముందు వేయమని డాక్టరు రాశారు. పప్పు, గుడ్డు లాంటి వాటిలో ఉండే మాంసకృత్తులు ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. అమ్మగారేమో ఖాళీ కడుపున మందేంటని రెండు పెసరట్లు తినిపించాకే చేతిలో పెట్టేవారు. చెప్పి చెప్పి ఒప్పించాను. టైము మారాక పదకొండు గంటల వేళకి ఆయన చొక్కా గుండీలు ఆయనే పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఏజెన్సీ వాళ్ళ రోజువారీ ఫారంలో "మందులు ఇచ్చారా" అని ఒక గడి ఉంటుంది, దాంట్లో టిక్కు పెట్టాలి. అంతకుముందూ టిక్కే, ఆ తర్వాతా టిక్కే.

మతిమరుపు కేసులు వేరు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లేచి, బ్యాగు ఎక్కడ, డ్యూటీకి టైమైంది అని తలుపు దగ్గరికి వెళ్ళేవారు. చాలామందికి ఆ వేళకే గాభరా ఎక్కువవుతుంది. మీరు రిటైరై పాతికేళ్ళయింది నాన్నా అని కోడలు వివరంగా చెప్పేది, ఆయన కోపం పెరిగేది. "బండి లేటంట సార్, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, టీ తాగి వెళ్దాం" అంటే కూర్చునేవారు. టీ అయ్యేసరికి బండి సంగతి పోయేది. పెద్దాయనకి అబద్ధాలు చెబుతున్నావని ఆ అమ్మాయి నన్ను నిలదీసింది. అబద్ధమే. నాకేం బాధ లేదు, ఆయన ఆ రాత్రి నిద్రపోయారు.

కెమెరాల గురించి కొత్తవాళ్ళకి చెప్పాలి. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి ఉంటాయి. ఇక్కడ పొద్దున్న ఎనిమిదయితే డల్లాస్‌లో ముందురోజు రాత్రి, కొడుకు పడుకునే ముందు చూస్తాడు, "తమ్ముడూ, నాన్నకి ఇంకా స్నానం కాలేదా" అని ఫోన్. నాకు కెమెరా ఇబ్బంది లేదు. అల్మారాలో చైను కనిపించలేదని ఒకసారి నా మీద అనుమానం వచ్చినప్పుడు నన్ను కాపాడింది అదే. కాకపోతే మనం బట్టలు మార్చుకునే, పడుకునే చోట ఉండకూడదు. అది చేరేరోజే చూసుకుని చెప్పాలి.

ఇప్పుడు మొదట్లో అన్న హద్దుల సంగతి. మొదటి వారం కూరగాయలు తెమ్మంటారు, పోనీలే అనిపిస్తుంది. తర్వాత గ్యాస్ బండ మార్చడం, ఆ తర్వాత కారు కడగడం, అమెరికా నుంచి మనవలొస్తే వాళ్ళ సూట్‌కేసులు మోయడం. "నువ్వు మా ఇంట్లో మనిషివే కదా బాబూ" అన్న మాట వినబడిన రోజు కొత్త పని ఒకటి తగిలిందని అర్థం. నిజంగా అలా చూసుకున్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు ఆ మాట అనరు, పులుసులో ములక్కాడ ముక్కలు మన కంచంలో కూడా వేస్తారు. కొన్నిళ్ళలో స్టీలు కంచం, గ్లాసు విడిగా పెడతారు. కులమేంటని అడగరు, ఇంటిపేరేంటని అడుగుతారు.

ఇంకో రకం హద్దు దాటిస్తారు, అది ప్రమాదం. ఇంజెక్షన్లు, ముక్కు గొట్టం ఊడితే మళ్ళీ వేయడం నర్సు పని. గొట్టంలోంచి పాలు, జావ పట్టడం నేర్పితే మనం చేయొచ్చు, అదీ తలవైపు ఎత్తి, పట్టాక అరగంటైనా పడుకోబెట్టకుండా. "నువ్వూ చూశావు కదా, వేసెయ్" అంటే ససేమిరా అనండి. నర్సుకి ఇచ్చే డబ్బు మిగులుతుందని అడుగుతారు, ఏదన్నా అయితే పేరు మనది.

నడుం గురించి ఎవరూ చెప్పరు. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు నడుం వంచి ఎత్తడం అలవాటైతే కొద్ది కాలంలోనే నొప్పి పట్టుకుంటుంది. మోకాళ్ళు వంచాలి, మనిషిని ఒంటికి దగ్గరగా తీసుకోవాలి. బరువైన మనిషైతే రెండో చెయ్యి కావాలని మొహమాటం లేకుండా అడగాలి.

కేసు అయిపోయిన రోజు జీతం కూడా ఆగుతుంది. మాస్టారు పోయినప్పుడు ఏజెన్సీ నుంచి సాయంత్రానికే ఫోన్ వచ్చింది, రేపు మియాపూర్‌లో ఇంకోటుంది వెళ్తావా అని. పెద్దకర్మ దాకా ఉండమని అమ్మగారు అడిగారు, ఉన్నాను. ఆ రోజులకి ఏజెన్సీ పైసా ఇవ్వలేదు, అమ్మగారు ఇచ్చారు.

నా మార్కులు అడిగితే పన్నెండు గంటల డ్యూటీకి అయిదుకి మూడున్నర, ఇరవై నాలుగు గంటలదానికి రెండు. ముసలివాళ్ళ కబుర్లు ఒకటికి పదిసార్లు వినే ఓపిక ఉన్నవాళ్ళు చేరొచ్చు. ఫోన్ చూసుకుంటూ కూర్చోవచ్చనుకుంటే వేరే పని చూసుకోండి. ఆడపిల్లలు వస్తుంటే ఒక మాట, పనిచేసే చోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కూడా వర్తిస్తుంది, జిల్లాలో లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇంట్లోవాళ్ళే పెద్దవాళ్ళని కొడుతున్నా, తిండి పెట్టకపోయినా 14567కి ఫోన్ చేయొచ్చు, వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు అది.

చేరేముందు ఏ పనులు మనవి, ఏవి కావు, వారానికి సెలవెప్పుడు, రాత్రి ఎన్నిసార్లు లేవాలి అన్నవి ఇంటివాళ్ళ చేత వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు. పోలీసు వెరిఫికేషన్ అంటే వెనకాడకండి, మనకీ మంచిదే. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ మాత్రం ఏ ఏజెన్సీ చేతిలోనూ పెట్టకండి. చూపించి, జిరాక్సులు ఇచ్చి రండి.