వేసవిలో పిల్లలతో సియోల్: గ్యోంగ్‌బోక్‌గుంగా, చాంగ్‌డోక్‌గుంగా?

రెండూ ఒకప్పుడు కొరియాను ఏలిన జోసన్ రాజుల ప్యాలెస్‌లే, రెండూ మెట్రో మూడో లైన్ మీదే, కాబట్టి చేరుకోవడం గురించి టెన్షన్ వద్దు. తేడా అంతా లోపలికి వెళ్లాకే.

ఖర్చు: రెండింటికీ పెద్దల టికెట్ 3000 వాన్ (కొరియా కరెన్సీ), చిన్నపిల్లలకు ఉచితం. చాంగ్‌డోక్‌గుంగ్ వెనుక తోటకి వేరే టికెట్. హాన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) వేసుకుంటే పెద్దలకూ ఫ్రీయే, కానీ జులై ఉక్కలో పసివాళ్లకు అన్ని పొరల బట్టలు దయచేసి తొడగొద్దు.

ఎండ: గ్యోంగ్‌బోక్‌గుంగ్ సింహాసన మందిరం ముందు గరుకు రాతి పలకల ఆవరణ, తల దాచుకుందామంటే ఒక్క చెట్టు ఉండదు. చాంగ్‌డోక్‌గుంగ్ తోటలో పెద్ద చెట్లు, చెరువు, చల్లటి నీడ.

నడక: ఆ తోటకి టైమ్ ప్రకారమే పంపుతారు, గంటకు పైగా ఎత్తుపల్లాలు, మెట్లు, స్ట్రోలర్ తీసుకెళ్తే దాన్నీ పిల్లనీ మీరే మోయాలి. గ్యోంగ్‌బోక్‌గుంగ్ దాదాపు చదును.

పిల్లల సరదా: ఇందులో గ్యోంగ్‌బోక్‌గుంగ్‌దే పైచేయి. ఉదయం 10కి గ్వాంగ్‌హ్వామున్ ద్వారం దగ్గర కాపలా మార్పు, పెద్ద డోలు మోత, రంగు జెండాలు, నకిలీ గడ్డాల భటులు! అది కాగానే ఆవరణలోనే ఉన్న జానపద మ్యూజియంకి వెళ్లిపోండి, ఏసీ ఉంటుంది, ప్రవేశం ఉచితం, పిల్లలకు ప్రత్యేక విభాగం కూడా ఉంది. జూన్ చివర్లో మొదలయ్యే వానలు పట్టుకున్నా అదే దిక్కు.

సెలవు: గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కి మంగళవారం, చాంగ్‌డోక్‌గుంగ్‌కి సోమవారం.

ఐదేళ్లలోపు పిల్లలుంటే, స్ట్రోలర్ తప్పనిసరైతే గ్యోంగ్‌బోక్‌గుంగ్, అదీ పొద్దున్నే. ఏడెనిమిదేళ్లొచ్చి, గైడ్ చెప్పేది వింటూ నడవగలిగే పిల్లలైతే మాత్రం చాంగ్‌డోక్‌గుంగ్‌కే వెళ్లండి, తోట టికెట్ ముందే బుక్ చేసుకుని.