సర్పంచ్ మహిళ అయితే ఖర్చు మారుతుందా: మోడల్ మాట, ఊరి లెక్క

సర్పంచ్ పదవి మహిళకు దక్కితే ఊరి ఖర్చు మారుతుందా? రాజకీయ అర్థశాస్త్రంలోని రెండు దారులను పోల్చడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

మొదటిది సిద్ధాంత మోడల్. 1957లో అర్థశాస్త్రవేత్త ఆంథొనీ డౌన్స్ వివరించిన మధ్యస్థ ఓటరు వాదన ప్రకారం, గెలవాలనుకునే పార్టీలు మధ్యలో ఉన్న ఓటరు కోరికవైపే జరుగుతాయి. అలాగైతే కుర్చీలో ఎవరున్నా ఒకటే. 1990లలో వచ్చిన 'పౌర అభ్యర్థి' మోడల్ దీన్ని ఒప్పుకోదు. ఎన్నికల ముందు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్న కట్టడి లేకపోతే, గెలిచినవాళ్లు తమకు ముఖ్యమనిపించిందే చేస్తారంటుంది. రెండూ తర్కానికి నిలుస్తాయి. ఏది నిజమో కాగితం మీద తేలదు.

రెండోది క్షేత్ర పరిశోధన. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీ అధ్యక్ష పదవుల్లో కనీసం మూడో వంతు మహిళలకు కేటాయించింది. ఏ ఊరి వంతు వస్తుందనేది దాదాపు లాటరీ లాంటిదే కాబట్టి, రిజర్వయిన ఊరినీ కాని ఊరినీ నమ్మకంగా పోల్చొచ్చు. నాకు బాగా నచ్చేది ఈ ఆలోచనే. పరిశోధకులు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీల వివరాలు సేకరించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. మహిళలు అధ్యక్షులైన చోట రెండు రాష్ట్రాల్లోనూ మంచినీళ్లకు ఎక్కువ ఖర్చయింది. రోడ్లకు మాత్రం బెంగాల్‌లో పెరిగింది, రాజస్థాన్‌లో తగ్గింది. అక్కడి ఆడవాళ్లు అడిగినవే వేరు మరి!

అయితే 50 శాతం రిజర్వేషన్ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఏమవుతుందో ఆ అంకెలు నేరుగా చెప్పవు. దానికి మళ్లీ మోడల్ దగ్గరికే వెళ్లాలి.