క్రోన్స్‌కి మాత్రలా, ఇంజెక్షనా, ఆపరేషనా: ఏది మేలు?

మా తమ్ముడికి క్రోన్స్ (పేగుల్లో వాపు, పుండ్లు పుట్టి ఏళ్ళ తరబడి వెంటాడే జబ్బు) అని తేలేసరికి 61 కిలోల మనిషి 48కి వచ్చేశాడు. గాజువాక ఆటోనగర్‌లో పని. డ్యూటీ మధ్యలో కడుపు పట్టేసి, పొత్తికడుపు కుడివైపు అరచేత్తో అదుముకుని మిషన్ పక్కన కూలబడిపోయేవాడు. అంతకుముందు ఆరు నెలలు టీబీ మందులు వాడాం. పేగు టీబీ, క్రోన్స్ రెండూ స్కోపీలో (గొట్టం కెమెరాతో పేగు లోపల చూసే పరీక్ష) ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కూడా చాలాసార్లు తేల్చదు. కాబట్టి మన దగ్గర ఎంతోమంది ఈ దారినే వస్తారు. ఒక్కటి మాత్రం తప్పక అడగండి: రెండు మూడు నెలలకు మళ్ళీ స్కోపీ చేసి చూస్తారా అని. టీబీ అయితే అప్పటికే పుండ్లు మానుతూ కనిపించాలి. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియలేదు.

స్టెరాయిడ్‌ని నేను ఈ లెక్కలోకే తీసుకోను. జబ్బు ఎగదన్నినప్పుడు ప్రెడ్నిసొలోన్ వేస్తే కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గి ఆకలి పుడుతుంది. అందుకే పాత చీటీ చూపించి ఇంకో షీట్ కొనేద్దామనిపిస్తుంది. కొనకండి. అది పేగును ఏళ్ళ తరబడి కాపాడే మందు కాదు. నెలలకు నెలలు వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ వస్తుంది. అలాగని సొంతంగా ఒక్కసారి ఆపేయడమూ ప్రమాదమే, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మాత్రలంటే ముఖ్యంగా అజాథయోప్రిన్, ఒంటి రోగనిరోధక శక్తిని అణిచే మందు. చవక, ఇంట్లోనే వేసుకోవచ్చు. పని మొదలెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తెల్లకణాలు పడిపోయే ముప్పు ఉంది. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి అది మరీ ఎక్కువ, ఆసియా వాళ్ళలో ఆ తేడా తరచుగానే కనిపిస్తుంది. ఆ పరీక్ష ముందే చేయించుకోవచ్చు. సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) తప్పించకూడదు, జ్వరమొస్తే పారాసిటమాల్ వేసి రేపు చూద్దాంలే అనకూడదు. లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు కూడా కాస్త పెరుగుతుంది. మా వాడికి ఏడాదిన్నర బాగానే నడిచింది. ఓ మోస్తరు జబ్బుకి, మనలాంటి ఇళ్ళకి ఇది తీసిపారేసే మందు కాదు.

ఇక ఇంజెక్షన్లు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని ఆసుపత్రిలో సెలైన్‌లా ఎక్కిస్తారు: మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆపైన ఎనిమిది వారాలకోసారి. కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాముల వయల్స్ మూడు కావాలి. అడాలిముమాబ్ అయితే రెండు వారాలకోసారి ఇంట్లోనే పొడుచుకోవచ్చు. మన దేశంలో 2014 చివర్లో దీని బయోసిమిలర్ (అసలు మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసేది) వచ్చాక ధర బాగా దిగింది, అయినా నెల జీతగాడికి బరువే. మలద్వారం పక్కన ఫిస్టులా (పేగు నుంచి చర్మానికి పడే చీము దారి) ఉన్నా, పేగులో చాలా దూరం పుండ్లున్నా మాత్రలతో కాలక్షేపం చెయ్యకుండా ఇటే వెళ్ళాలంటాను. వీటితో లోపల నిద్రపోతున్న టీబీ లేచే ప్రమాదం ఉంది కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసేది) లేదా ఇగ్రా (రక్తంతో చేసేది) అనే టీబీ పరీక్ష చేస్తారు.

మా ఇంట్లో ఎక్కువ రాత్రులు మాట్లాడుకున్నది డబ్బు గురించే. రెండు డోసులు వేసి, చేతిలో లేక నాలుగు నెలలు ఆపి మళ్ళీ మొదలెడితే, ఈలోగా ఒంట్లో ఆ మందు మీదే యాంటీబాడీలు (దాన్ని ఎదిరించే పదార్థాలు) పుట్టి అది పనిచెయ్యకపోవచ్చు, రియాక్షన్ కూడా రావచ్చు. ఏడాది ఖర్చు కళ్ళముందు పెట్టుకుని, ఇన్సూరెన్స్ ఏమిస్తుందో, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏం వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకున్నాకే మొదటి డోసుకి చెయ్యి చాపాలి. అడాలిముమాబ్‌కి ఫ్రిజ్ కూడా ముఖ్యం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో మన విశాఖ గది ఎంత ఉడికిపోతుందో తెలిసిందే. హుద్‌హుద్‌కి రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసినవాళ్ళం, ఐస్ బాక్స్ ఉంచుకోవాలి.

ఆపరేషన్ అంటే మా అమ్మకి అన్నీ అయిపోయాక చేసేది. నేనూ అలాగే అనుకున్నాను. సంక్రాంతికి ఊరి నుంచి తేగలొచ్చాయి. తమ్ముడు రెండు తిన్నాడు. ఆ రాత్రి కడుపు కుండలా ఉబ్బి, పచ్చగా వాంతులు. "అక్కా, లోపల ఏదో అడ్డుపడిందే" అన్నాడు. చిన్నపేగు చివర పిడికెడు ముక్క మచ్చకట్టి సన్నబడిపోయింది, అందులో పీచు ఇరుక్కుంది. వాపు వల్ల వచ్చిన ఇరుకైతే మందుకి కాస్త తెరుచుకుంటుంది. గట్టిపడిన మచ్చని ఎంత ఖరీదైన ఇంజెక్షనూ కరిగించదు. అక్కడ లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) ఆ ముక్క తీసేయడమే మేలు.

ఇరుకు ఏర్పడకముందే అయినా ఆపరేషన్ తక్కువది కాదు. నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో 143 మందితో చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చిన్నపేగు చివర 40 సెంటీమీటర్ల లోపే జబ్బు ఉండి మామూలు మందులు పనిచెయ్యని వాళ్ళకి కొందరికి ఆపరేషన్ చేశారు, మిగతావాళ్ళకి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చారు. ఏడాదికి ఈ రెండు గుంపుల వాళ్ళ రోజువారీ బతుకులో పెద్ద తేడా లేదు. ఐదేళ్ళు దాటేసరికి ఇంజెక్షన్ వాళ్ళలో దాదాపు సగం మంది ఆపరేషన్‌కి వచ్చారు, ఆపరేషన్ వాళ్ళలో నాలుగో వంతు మందికి ఇలాంటి ఇంజెక్షన్లు కావాల్సొచ్చాయి. ఆ లెక్క చూపించాకే అమ్మ ఒప్పుకుంది.

అలాగని కోసేస్తే జబ్బు పోయినట్టు కాదు. కుట్టిన చోటే మళ్ళీ పుండ్లు మొదలవుతాయి, సిగరెట్ తాగేవాళ్ళకి ఇంకా తొందరగా. తమ్ముడు సిగరెట్ మానేశాడు. విటమిన్ బీ12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివర్లోనే, ఆ భాగం తీసేశారు కనుక అది చూసుకుంటున్నాం. బరువు 57కి వచ్చింది. వచ్చే నెలకి ఆపరేషనై ఆరు నెలలు, స్కోపీ ఉంది. అందులో పుండ్లు కనిపిస్తే అడాలిముమాబ్ మొదలెడదామని డాక్టర్ అన్నారు. ఇగ్రా రిపోర్టు, ఎక్స్‌రే ఫైల్లో పెట్టాను, ఏడాది ఖర్చు లెక్క వెనక అట్ట మీద రాసుంది.