విశాఖలో సరదా బోటుకు బీమా: ఏళ్లుగా కడుతున్నవాడి సమీక్ష

నాది 18 అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హార్స్‌పవర్ ఓబీఎం, అంటే బయట బిగించే ఔట్‌బోర్డ్ ఇంజను. ఆదివారం గాలం వేసుకోవడానికి, చుట్టాలొస్తే డాల్ఫిన్స్ నోస్ దాకా తిప్పి తీసుకురావడానికి తప్ప దాంతో పైసా సంపాదన లేదు. హుద్‌హుద్ తుపాను తర్వాత కొన్నాను. అప్పట్నుంచి ఒకే కంపెనీలో పాలసీ నడుస్తోంది, మధ్యలో ఒక క్లెయిమ్ కూడా అయింది. పదికి ఏడు మార్కులు వేస్తాను. మిగతా మూడూ ఎక్కడ పోయాయో చెబుతాను.

కార్లకు, బైకులకు పాలసీలు రాసే ఏజెంటును అడిగితే ముందు నవ్వుతాడు, తర్వాత ఏదో ఒక కాగితం అంటగడతాడు. అతన్ని వదిలేసి బీమా కంపెనీ డివిజనల్ ఆఫీసుకు వెళ్లి మెరైన్ హల్, అంటే పడవల బీమా, చూసే అధికారి ఎవరని అడగండి. కొటేషన్ కంటే ముందు పాలసీకి జతచేసే షరతుల కాగితాలు తీసుకోండి. ప్రీమియం అంకె మీద బేరమాడే సమయంలో సగం ఆ కాగితాల మీద పెడితే చాలు.

నా పాలసీకి జతచేసినవి 1985 నాటి లండన్ షరతులు, ‘ఇన్‌స్టిట్యూట్ యాట్ క్లాజెస్’ అంటారు. అందులో మన తీరానికి ప్రాణాంతకమైన వాక్యం ఒకటుంది. 17 నాట్లు, అంటే గంటకు సుమారు 31 కిలోమీటర్ల వేగం దాటే బోటుకు స్పీడ్‌బోట్ షరతు వర్తిస్తుంది. దాని ప్రకారం, మరుగు లేని బీచ్ ముందు మనిషి లేకుండా లంగరు వేసి వదిలేసిన బోటు మునిగినా, తెగి కొట్టుకుపోయినా, ఒడ్డున పడి పగిలినా రూపాయి రాదు. ఇప్పుడు రుషికొండ నుంచి భీమిలి దాకా ఒడ్డును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అంతా తెరిచిన సముద్రమే కదా! 40 హార్స్‌పవర్ ఇంజను తేలిక బోటును 17 నాట్లు సులువుగా దాటిస్తుంది. మంగమారిపేట దగ్గర లంగరు వేసి ఇంటికెళ్లి పడుకునే వాళ్లు పాలసీ ఉందన్న ధైర్యంతో పడుకుంటున్నారు, ఆ ధైర్యానికి ఆధారం లేదు. అందుకే నేను జెట్టీ ఖర్చు భరించి హార్బర్ లోపలే కడతాను, ప్రపోజల్ ఫారంలో ఆ చోటే రాయించాను.

అలాగని హార్బర్‌లో భయం లేదనుకోకండి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. మత్స్యకారులకు ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది, అది వాళ్ల బతుకుతెరువు కాబట్టి. సరదా బోటు కాలితే మనకెవరు ఇస్తారు? హల్ పాలసీలో అగ్నిప్రమాదం ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే.

విలువ సంగతి. కారుకు ఏటా ఐడీవీ, అంటే బీమా లెక్కలో బండి విలువ, తగ్గిపోతుంది. బోటుకు మాత్రం ‘అగ్రీడ్ వాల్యూ’ అడగొచ్చు. మనమూ కంపెనీ ఒప్పుకుని పాలసీలో రాసుకున్న విలువకే మొత్తం నష్టం లెక్క తేలుతుంది, మోసం ఉంటే తప్ప తర్వాత ఎవరూ దాన్ని తిరగదోడలేరు. ఇంజనుకు విడిగా విలువ రాయించండి. ఓబీఎం ఊడి నీళ్లలో పడిపోతే ఈ షరతుల్లో డబ్బు రాదు. దొంగలు ఎత్తుకెళ్తే వస్తుంది, కానీ మామూలు బిగింపుతో పాటు అదనంగా తాళం ఉండాలి. నేను స్టీలు లాక్ వేసి, ఆ బిల్లు, ఫొటో పాలసీ ఫైల్లోనే పెట్టాను.

ఇక క్లెయిమ్. రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన రాత్రి, పక్క బోటు తాడు తెంచుకుని వచ్చి నా బోటు ఎడమ పక్కను తెల్లవార్లూ గుద్దింది. పొద్దున్నే కలాసీలను పిలిచి, క్రేన్ పెట్టి పైకి తీయించాను. నష్టం పెరగకుండా చేసిన ఈ ఖర్చు కూడా ఇస్తారు, బిల్లు ఉంటేనే. నష్టం లెక్క చూడటానికి వచ్చిన సర్వేయర్ పెద్దాయన. కెమెరా జేబులో పెట్టుకుని ముందు రూపాయి బిళ్ళ తీశాడు. బోటు పొడవునా దాంతో తట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ నడిచాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంది. పైకి గీత కూడా లేని ఒకచోట బొదబొదమంది. “లోపల పొర విడిపోయిందండీ, ఇక్కడ కూడా కోసి వేయించాలి” అని తనే చాక్‌తో గుండ్రంగా గీశాడు. నేనైతే అది అడిగి ఉండేవాణ్ణి కాదు. ప్రొపెల్లర్ అంచులు మాత్రం ఇసుకకు అరిగినవేనని కొట్టేశాడు, అదీ న్యాయమే. అరుగుదలకు ఏ పాలసీలోనూ రాదు.

గొడవంతా ఆఫీసులో. ఒకే కాగితం మళ్లీ మళ్లీ అడిగారు. ఇంజను సర్వీసు బిల్లులన్నీ ఇచ్చాక రిజిస్ట్రేషన్ కాపీ కనబడలేదన్నారు. కార్తీకంలో దెబ్బతిన్న బోటుకు సంక్రాంతి దాటాక డబ్బు పడింది, ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా, కోసుకుని. మూడు మార్కులు పోయింది అందుకే.

థర్డ్ పార్టీ కవర్ తీసుకోకుండా ఎవరూ నీళ్లలోకి దిగొద్దు. ఈతకొచ్చిన వాళ్ల మధ్య నుంచి బోటు తోలే ఊరు మనది. కానీ బోటు నడపడానికి జీతానికి పెట్టుకున్న సరంగుకు దెబ్బ తగిలితే ఇందులో రాదు, ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ విడిగా ఉండాలి. పండగ రోజుల్లో ‘మనిషికి రెండొందలిస్తాం, ఒక రౌండ్ కొట్టండి’ అంటారు. పాలసీలో ‘సొంత విహారానికి మాత్రమే’ అని ఉన్నప్పుడు ఆ రెండొందలతో కవర్ మొత్తం ప్రశ్నార్థకమవుతుంది.

వాడని నెలలు రాయిస్తే కొంత తగ్గింపు ఇస్తారు. ఆ క్లెయిమ్ తర్వాత నేను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బోటు ఒడ్డు మీదే ఉంటుందని రాయించాను. ఆ నెలల్లో మన సముద్రంలో సరదా ఏముంటుంది?

ఈసారి రెన్యువల్‌లో ఎక్సెస్ రెట్టింపు చేసుకుంటే ప్రీమియం బాగా తగ్గిస్తామన్నారు. వద్దన్నాను. ఫైబర్ బోటుకు వచ్చేవన్నీ చిన్నా చితకా దెబ్బలే, ఎక్సెస్ పెరిగితే వాటిలో సగం నా జేబులోంచే పోతాయి.